కార్డు తల్లిగారింట్ల ఉంది

2025 జూలైలో ఒక బుధవారం మా బడికి సిస్టర్ వచ్చింది. సిస్టర్ అంటే సబ్‌సెంటర్ నర్సు, ఏఎన్ఎం, కానీ మా ఊర్లో ఆ మాట ఎవరూ వాడరు, పెద్దవాళ్ళు సిస్టరమ్మ అంటారు, పిల్లలైతే సూదులామె అంటారు, ఆమె గేటు దాటి లోపలికి వస్తుంటేనే సగం మందికి కడుపునొప్పి మొదలవుతుంది. భుజాన వ్యాక్సిన్ డబ్బా, చేతిలో ట్యాబ్, వెనక ఆశా వర్కర్. ఒకటో తరగతి వాళ్ళకు డీపీటీ రెండో బూస్టర్, ఐదో తరగతి వాళ్ళకు టీడీ వెయ్యాలె, లిస్టు ఇయ్యండి మేడం అంది. డీపీటీ అంటే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం మూడింటికీ కలిపి వేసే సూది, టీడీ దాని తర్వాత పెద్ద పిల్లలకు వేసేది.

లిస్టు రెడీగానే ఉంది. లిస్టులు రాయడంలో సర్కారు బడి టీచర్లను మించినవాళ్ళు ఎవరూ ఉండరు. ఒకటో తరగతిలో పద్నాలుగు మంది, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు, అన్నీ గీతలు గీసి రాసి పెట్టాను. ఆమె నా కాగితం ఒళ్ళో పెట్టుకొని ట్యాబ్‌లో ఒక్కో పేరూ వెతకడం మొదలుపెట్టింది. పద్నాలుగు మందిలో దొరికింది ఆరుగురు. మిగతా ఎనిమిది మంది నా ముందే చాప మీద కూర్చొని బలపాలు కొరుకుతున్నారు, ట్యాబ్‌లో మాత్రం లేరు. ట్యాబ్‌లోనేమో అదే వయసు పిల్లలు ఇంకో ఐదుగురు కనిపిస్తున్నారు, వాళ్ళెవరో నాకు తెలియదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఎందుకట్లా అంటే, కారణం చాలా చిన్నది. నా రిజిస్టర్ తండ్రి పేరుతో నడుస్తుంది, ఆమె రిజిస్టర్ తల్లి పేరుతో నడుస్తుంది. గర్భిణిగా నమోదైన రోజే తల్లికి ఒక ఆర్‌సీహెచ్ నంబరు, అంటే సర్కారు తల్లీబిడ్డల ఆరోగ్య రికార్డులో నంబరు, వస్తుంది, బిడ్డ పుట్టాక ఆ నంబరు కిందే బిడ్డను ఎక్కిస్తారు, అప్పటికి బిడ్డకు పేరు ఉండదు కాబట్టి బేబీ ఆఫ్ యాదమ్మ అని రాస్తారు. ఇరవై ఒకటో రోజు తొట్టెల చేసి పేరు పెట్టుకుంటారు, ఆ పేరు ట్యాబ్ దాకా పోదు. ఐదేళ్ళ తర్వాత బడికొచ్చేసరికి ఆ బేబీ ఆఫ్ యాదమ్మ నా దగ్గర శివ, ఆధార్‌లో శివకుమార్, ఇంట్లో చిన్నోడు. ఒక్క పిల్లగాడికి నాలుగు పేర్లు, నాలుగు చోట్ల.

ఇంకొకటి ఉంది, ఇది బయటివాళ్ళకు తట్టదు. మా దిక్కు మొదటి కాన్పు తల్లిగారింట్లనే. ఏడో నెలలో సీమంతం చేసి తీసుకుపోతే బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక పంపిస్తారు. అంటే పుట్టినప్పటి బీసీజీ, పోలియో చుక్కలు, ఆరు పది పద్నాలుగు వారాల పెంటావాలెంట్లు అన్నీ అమ్మమ్మ ఊరి సబ్‌సెంటర్‌లో పడతాయి. తొమ్మిదో నెల ఎంఆర్, అంటే తట్టు, రుబెల్లా సూది, ఇక్కడ పడుతుంది, లేదా పడదు. బడి నాన్న ఊర్లో. మధ్యలో జిల్లా కూడా మారొచ్చు. మాది పాత మహబూబ్‌నగర్ జిల్లా, 2016 అక్టోబరులో విడగొట్టాక నాగర్‌కర్నూల్, కోడళ్ళలో చాలామంది దేవరకొండ వైపు నుంచి వచ్చినవాళ్ళు, అంటే నల్లగొండ జిల్లా. పిల్ల ఇక్కడ, టీకాల కార్డు అక్కడ.

ఆ రోజు దొరకని ఎనిమిది మందిలో ఒకడి సంగతి చెప్పాలి.

వాడికి ఆగస్టు రెండో వారంలో ఏడేళ్ళు నిండుతాయి. ఏడేళ్ళకు ఇంకా ఒకటో తరగతిలో ఎందుకున్నాడంటే, ఒక సంవత్సరం అమ్మానాన్నల వెంట పుణె పోయాడు, బిల్డింగ్ పనికి. ఈ ఏడు అవ్వ దగ్గర వదిలిపెట్టి పోయారు. డీపీటీ బూస్టర్ ఐదు నుంచి ఆరేళ్ళ మధ్య వేయాలి, ఆలస్యమైతే ఏడేళ్ళ లోపు వేయొచ్చు, ఏడు దాటితే ఇక డీపీటీ ఇవ్వరు, కోరింత దగ్గు భాగం లేని టీడీ ఇస్తారు. అంటే వాడికి మిగిలింది మూడు నాలుగు వారాలు. ఇంతకుముందు ఏమేం పడ్డాయో చూడకుండా సిస్టర్ ముందుకు పోలేదు, వాడేమో ట్యాబ్‌లో లేడు.

అవ్వను పిలిపించాం. "కార్డు యాడుంది అవ్వా?" అంటే, "నాకేమెరుక మేడం, దాని తల్లిగారింట్ల ఉంటది" అంది. కోడలి మీద చిన్న విసురు కూడా ఉంది ఆ మాటలో, అది వేరే కథ. పుణెకు ఫోన్ చేశాను. తల్లి లైన్లోకి వచ్చి, అన్నీ వేయించిన మేడం, ఒక్కటి గూడ ఇడువలే, పుణెల గూడ ఏపిచ్చిన, కుడిచేతికి ఒకటి, తొడకు ఒకటి, నోట్లె చుక్కలేసిన్రు అంది. ఆ మాటల్లో నాకు ఏమీ తట్టలేదు. సిస్టర్ మాత్రం వెంటనే పట్టేసింది, కుడి చేయి అంటే ఎంఆర్ రెండో డోసు, తొడ అంటే డీపీటీ మొదటి బూస్టర్, చుక్కలు పోలియో బూస్టర్, ఇవి మూడూ పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య ఒకే రోజు వేసేవి అని. ఇరవై ఏళ్ళ సర్వీసు ఊరికే పోదు. కానీ తర్వాత ఆమే అంది, "మాట మీద నేను ఎక్కియ్యలేను మేడం, తారీఖు కావాలె."

లెక్క వేసి చూస్తే వాడికి పదహారు నెలలు వచ్చింది 2019 డిసెంబరులో. ఇరవై నాలుగు నెలలు నిండింది 2020 ఆగస్టులో. మధ్యలో ఏముందో అందరికీ గుర్తుంది. మార్చి చివర్లో లాక్‌డౌన్, పుణె నుంచి కొంత దూరం నడిచి కొంత దూరం లారీలో వచ్చారు వాళ్ళు, ఇక్కడ టీకాల రోజులు కూడా కొన్నాళ్ళు ఆగిపోయాయి. పుణెలో వేసింది లాక్‌డౌన్‌కు ముందా, అసలు వేశారా, వేస్తే ఇచ్చిన చీటీ ఆ నడకలో ఎక్కడ పోయిందో ఎవరికి తెలుసు.

చివరికి మేనమామ పుణ్యాన పని జరిగింది. దేవరకొండ దగ్గర ఊర్లో ఆయన పొలం నుంచి ఇంటికొచ్చి, పెట్టె తెరిచి, చీరల కింద నుంచి కార్డు తీసి వాట్సాప్‌లో ఫోటో పెట్టాడు. మూలకు పసుపు మరక, మడత దగ్గర చిరిగింది. తొమ్మిదో నెల ఎంఆర్ దాకా తారీఖులున్నాయి, తర్వాత గడులన్నీ ఖాళీ. పైన ఆర్‌సీహెచ్ నంబరు ఉంది. సిస్టర్ ఆ నంబరుతో అక్కడి సిస్టర్‌కు ఫోన్ చేసి, ఆమె తన దగ్గర చూసి చెప్పి, ఇదంతా అయ్యేసరికి మధ్యాహ్న భోజనం కూడా అయిపోయింది. వాడికి మాత్రం సూది పడింది.

ఒక పిల్లగాడికి ఒక సూది వేయడానికి రెండు జిల్లాలు, ఇద్దరు సిస్టర్లు, ఒక టీచరు, ఒక అవ్వ, పుణెలో ఒక సైటు, ఒక మేనమామ.

అప్పటి నుంచి నా బుర్రలో ఒకటే తిరుగుతోంది, ఆ ట్యాబ్‌లో ఉన్నది బడికి ఎందుకు కనిపించదు? కోవిడ్ టీకాలకు కోవిన్ ఉన్నట్టే పిల్లల టీకాలకు యూ-విన్ వచ్చింది. 2023 జనవరిలో దేశం మొత్తంలో 65 జిల్లాల్లో ప్రయోగంగా మొదలుపెట్టి, 2024 అక్టోబరు చివర్లో ప్రధాని దేశమంతటికీ ప్రారంభించారు. గర్భిణులు, పుట్టినప్పటి నుంచి పదహారేళ్ళ దాకా పిల్లలు అందులో ఉంటారు. ఏ ఊర్లో వేయించుకున్నా ఎక్కుతుంది, సర్టిఫికెట్ ఫోన్లోనే దింపుకోవచ్చు, తర్వాతి డోసు ఎప్పుడో మెసేజ్ వస్తుంది. వలస పోయే పాలమూరు కూలోళ్ళ కోసమే తయారుచేశారా అనిపిస్తుంది చదివితే. మా ఒకటో తరగతి వాళ్ళు దానికంటే ముందు పుట్టారు కాబట్టి వాళ్ళ మొదటి సూదులు పాత ఆర్‌సీహెచ్ పోర్టల్‌లో ఉంటాయి, ఇప్పుడు పుట్టేవాళ్ళు బడికి వచ్చే రోజుకు పరిస్థితి మెరుగ్గానే ఉండొచ్చు. కానీ ఐదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ దాకా పిల్లగాడు రోజూ కూర్చునేది నా ముందు. వాడు ఏ రోజు వస్తాడో, ఏ రోజు రాడో, ఏ నెలలో మాయమవుతాడో, ఏ నెలలో తిరిగొస్తాడో నాకు తెలుసు. వాడి టీకాల సంగతి ఒక్కటే తెలియదు. నా దగ్గర లాగిన్లు ఆరో ఏడో ఉన్నాయి, అన్నం తిన్న పిల్లల లెక్క నుంచి మొహం చూపించి వేసే హాజరు దాకా, ఇది ఒక్కటే లేదు.

కార్డు భద్రంగా పెట్టుకోవచ్చు కదా అనేవాళ్ళుంటారు. నిజమే, పెట్టుకున్నారు కూడా. 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ మొదలైనప్పుడు ఆడపిల్ల పుడితే 13,000, మగపిల్లాడైతే 12,000, విడతల వారీగా ఇచ్చేవాళ్ళు. అందులో మూడున్నర నెలల టీకాలు అయితే 2,000, తొమ్మిదో నెల టీకా అయితే 3,000. ఆ పైసలు ఖాతాలో పడేదాకా కార్డును పట్టాదారు పాసుబుక్కు కంటే భద్రంగా చూసుకున్నారు మా ఊర్లో. తొమ్మిదో నెల దాటాక కార్డుకు విలువ లేదు. నేను చూసిన కార్డుల్లో గడులు ఖాళీగా ఉండేది సరిగ్గా అక్కడి నుంచే. తప్పు పట్టడం కాదు ఇది, ఏడాదికి మూడు ఇండ్లు మారే మనిషి ఏ కాగితాన్ని ఎంతకాలం మోస్తాడు చెప్పండి.

మా ఇంట్లో సంగతే చెప్తాను. మా పెద్దోడికి టీకాలన్నీ టౌన్‌లో ఒక ప్రైవేటు పిల్లల ఆసుపత్రిలో వేయించాం, రంగురంగుల బుక్కు ఇచ్చారు, స్టిక్కర్లు కూడా అంటించారు. వాడికి రెండేళ్ళప్పుడు ఆశా వర్కర్ ఇంటికొచ్చి మీ బాబు ఒక్క టీకా కూడా వేయించుకోలేదట మేడం, లిస్టులో వచ్చింది అంది. టీచరమ్మ కొడుకు, వీధి మొత్తం విన్నది. ఆ ఆసుపత్రివాళ్ళు వేసినవి సర్కారు లెక్కలో ఎక్కించలేదు, ఎక్కించాలని నాకూ తెలియదు. కాబట్టి రిజిస్టర్‌లో లేదంటే వేయించలేదని అర్థం కాదు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన విషయం, ఎందుకంటే రేపు బడికి ఈ రికార్డు చూపించారనుకోండి, ఖాళీ గడి చూడగానే నాలాంటి టీచరు తల్లిని పిలిచి చీవాట్లు పెడుతుంది.

మా చిన్నమ్మ కూతురు డాలస్ దగ్గర ఉంటుంది. కొడుకును కిండర్‌గార్టెన్‌లో వేయడానికి పోతే టీకాల రికార్డు అడిగారట. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ బడిలో చేరాలంటే కొన్ని టీకాలు తప్పనిసరి అని చట్టాలున్నాయి, మినహాయింపులు మాత్రం రాష్ట్రానికో తీరు. ఇక్కడి బుక్కు చూపిస్తే మొదటి గొడవ తారీఖుల దగ్గర వచ్చిందట, మనం ముందు రోజు రాస్తాం, వాళ్ళు ముందు నెల రాస్తారు, జూన్ నాలుగు ఏప్రిల్ ఆరు అయిపోయింది. రెండో గొడవ, తొమ్మిదో నెలలో వేసిన తట్టు టీకాను వాళ్ళు లెక్కలోకి తీసుకోరు, మొదటి పుట్టినరోజు నాడో ఆ తర్వాతో వేసిందే లెక్క. మన ఎంఆర్‌లో గవదబిళ్ళల టీకా ఉండదు, వాళ్ళకు అదీ కావాలి. అమ్మవారి (చికెన్‌పాక్స్) టీకా, హెపటైటిస్ ఏ మన సర్కారు టీకాల పట్టికలోనే లేవు. పాపం పిల్లాడికి వరసగా సూదులు.

నాకు ఆసక్తిగా అనిపించింది దాని తర్వాతది. క్లినిక్‌లో వీటన్నిటినీ టెక్సస్ రాష్ట్రం టీకాల రిజిస్టర్‌లో ఎక్కించమంటారా అని అడిగి సంతకం తీసుకున్నారట. దాని పేరు ఇమ్‌ట్రాక్2. అక్కడ తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే పిల్లల వివరాలు అందులో ఉంటాయి. తర్వాతి ఏడాది అపార్ట్‌మెంట్ మారి బడి మారితే, కొత్త బడి నర్సు తనే రిజిస్టర్‌లో చూసుకుందట, మా చెల్లిని ఒక్క కాగితం అడగలేదు. బడికి నర్సు ఉండటం అనేది మళ్ళీ ఇంకో సంగతి, మా దగ్గర బడికి స్వీపర్ ఉంటే గొప్ప.

అక్కడ కూడా ఇది తేలిగ్గా వచ్చిందేమీ కాదట. బడిలో చేరడానికి టీకా తప్పనిసరి అయిన చోట, డాక్టరు ఆ రుజువు బడికి పంపాలంటే రాతపూర్వకంగా సంతకం అక్కర్లేదు, తల్లిదండ్రులు నోటిమాటగా ఒప్పుకుంటే చాలు అని 2013లో నియమం సడలించారు. అటు నుంచి ఇటు మాత్రం కాదు, బడి దగ్గరున్న పిల్లల వివరాలు ఆరోగ్య శాఖకు పంపాలంటే మామూలుగా తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉండాల్సిందే, ఎందుకంటే బడి రికార్డులకు వేరే చట్టం.

ఇంత ఉండీ అదే టెక్సస్‌లో 2025లో తట్టు లేచింది. జనవరిలో గెయిన్స్ కౌంటీలో మొదలై ఆగస్టులో ముగిసిందని ప్రకటించేలోపు 762 కేసులు, బడికి పోయే వయసున్న ఇద్దరు పిల్లలు చనిపోయారు, ఇద్దరూ టీకా వేయించుకోనివాళ్ళు. అక్కడ మనస్సాక్షికి విరుద్ధమని రాసిస్తే టీకా నుంచి మినహాయింపు దొరుకుతుంది. కాబట్టి నర్సు కంప్యూటర్‌లో చూసినంత మాత్రాన సూది పడదు. మా దగ్గర కథ పూర్తిగా తలకిందులు, ఇక్కడ వద్దనేవాళ్ళు తక్కువ, వేయించుకుంటానని వచ్చినవాళ్ళకు ఏది వెయ్యాలో తెలియక ఆగిపోయేది ఎక్కువ. అందుకే రికార్డు వాళ్ళకంటే మనకే ఎక్కువ పనికొస్తుందని నా వాదన.

వద్దనేవాళ్ళు అసలు లేరని కాదు. 2017 ఆగస్టులో ఎంఆర్ టీకాల కార్యక్రమం మన రాష్ట్రంలో పెట్టినప్పుడు, తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ళ దాకా అందరికీ, ముందు వేసుకున్నా మళ్ళీ వేయాలన్నారు. అప్పుడు రికార్డుతో పనే లేకపోయింది, బడికొచ్చి వరసగా నిలబెట్టి వేసి గోటికి మార్కర్ గీత గీశారు. ఆ వారం మా బడిలో హాజరు సగానికి పడిపోయింది. ఆ సూదితో పిల్లలు పుట్టకుండా పోతారట అని వాట్సాప్‌లో ఎవరో పంపారు. ఒక నాన్న వచ్చి నా ముఖం మీదే అడిగాడు, "మీ పిల్లగానికి ఏపిచ్చిన్రా మేడం?" అని. వేయించాను కాబట్టి మా వాడి బొటనవేలి గోరు చూపించాను. తర్వాతి రోజు తన ఇద్దరినీ తోలుకొచ్చాడు. ఆ రోజు నా దగ్గర ఏ రికార్డూ లేదు, ఆయన పిల్లలకు ఏం పడ్డాయో ఏం పడలేదో నేను అడగలేదు. అడిగి ఉంటే వచ్చేవాడా? ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, కానీ బడికి లాగిన్ ఇవ్వాలని నేను ఎంత గట్టిగా అనుకుంటానో, అది ఇచ్చేవాళ్ళు ఆ నాన్న మొహం గుర్తుపెట్టుకోవాలని కూడా అంతే గట్టిగా అనుకుంటాను.

భయపడాల్సిన అసలు విషయం ఒకటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడటం నేను వినలేదు. ముందే చెప్పాను కదా, ఆ రికార్డు తల్లి పేరు మీద ఉంటుందని. తల్లి ఆర్‌సీహెచ్ నంబరు తెరిస్తే వచ్చేది బిడ్డ టీకాలు ఒక్కటే కాదు. ఎన్నో కాన్పు, గర్భం పోయిందా, రక్తం ఎంత ఉంది, గర్భిణిగా ఉన్నప్పుడు చేసిన పరీక్షలు, పిల్లలు వద్దనుకొని ఏ పద్ధతి పాటిస్తున్నారు, అంతా అదే వరుసలో ఉంటుంది. నేను ఇదే మండలంలో ఉంటాను. నా కొలీగ్‌ది పక్క ఊరే. స్టాఫ్ రూమ్‌లో చాయ్ తాగుతూ ఏ తల్లికి ఏముందో మేము చదువుకునే రోజు రాకూడదు. సిస్టర్ ఆ సంగతులు కడుపులో దాచుకోవడం ఉద్యోగంలో భాగంగా నేర్చుకుంది, మాకు ఆ శిక్షణ లేదు, నిజం చెప్పాలంటే మాలో కొందరికి ఆ గుణం కూడా లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వివరాల రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది, మినహాయింపులూ పెట్టింది. తల్లి సమాచారం బిడ్డ వెంట బడిలోకి నడిచొస్తే మాత్రం అక్కడ అనుమతి ఎవరిదని అడుగుతారో, ఫారం మీద సంతకం పెట్టేది ఎక్కువగా నాన్నలే మరి.

కాబట్టి నాకు రికార్డు మొత్తం అక్కర్లేదు. ఒకటో తరగతిలో చేరినప్పుడు ఒకసారి, ఐదో తరగతిలో ఒకసారి, పదో తరగతిలో ఒకసారి, ఈ పిల్లకు ఏ సూది బాకీ ఉందో చెబితే చాలు. బాకీ ఉంది, బాకీ లేదు, తెలియదు. ఈ మూడు మాటలే. తెలియదు అనే మూడో మాట తప్పకుండా ఉండాలి, లేకపోతే మా పెద్దోడి లాంటివాళ్ళు అందరూ బాకీదారులే. ఎవరికైనా అనుమానం ఉంటే చూడటానికి సిస్టర్ ఉంది, డాక్టరు ఉన్నారు. నా వైపు నుంచి నేను ఇవ్వగలిగింది పిల్లగాడి అసలు పేరు, ఇప్పుడు ఉంటున్న ఊరు, ఫోన్ కలిసే నంబరు. బేబీ ఆఫ్ యాదమ్మకు పేరు పెట్టే పని బడి చేయగలదు, ఇంకెవరూ చేయలేరు. నిజానికి లాగిన్ ఇవ్వడంకంటే ఈ పేర్లు కలపడమే పెద్ద పని, రెండు రోజులు సిస్టరూ నేనూ కూర్చుంటే మా ఊరిది అయిపోతుంది, కానీ ఆ రెండు రోజులు ఆమెకు ఎవరిస్తారు, నాకు ఎవరిస్తారు.

బడిలో వేసిన సూదులు కూడా తిరిగి పిల్లగాడి పేరు మీదే ఎక్కాలి. ఇప్పుడు మా దగ్గర ఐదో తరగతి వాళ్ళకు టీడీ వేస్తే, ట్యాబ్‌లో దొరికినవాళ్ళకు పేరు మీద ఎక్కుతుంది, దొరకనివాళ్ళు కాగితం మీద ఇన్ని అని లెక్కలో పోతారు. సూది పడుతుంది, ఆనవాలు ఉండదు. ఆ ఐదో తరగతే మన దగ్గర గురుకులాల్లో చేరే తరగతి. నాలుగో తరగతి దాకా నా దగ్గర ఉన్న పిల్ల పరీక్ష రాసి సీటు వచ్చి ఎక్కడో ఇంకో మండలంలో హాస్టల్‌కు పోతుంది. అక్కడికి వచ్చే సిస్టర్‌కు ఈ పిల్ల ఎవరో తెలియదు, ఇక్కడి సిస్టర్‌కు పిల్ల కనపడదు. టీడీలో డీ అంటే కంఠసర్పి. చిన్నప్పుడు వేసిన డోసుల బలం ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గిపోతుంది, అందుకే పదేళ్ళకు, పదహారేళ్ళకు బూస్టర్లు పెట్టారు. ఒక్కో హాలులో మంచం పక్కన మంచం వేసుకొని పడుకునే పిల్లలకు కాక ఆ రికార్డు ఇంకెవరికి కావాలి. పాత మహబూబ్‌నగర్, నల్లగొండల్లో సర్కారు హాస్టళ్ళలో ఉండి చదివే పిల్లలు ఎంతమందో లెక్కేసుకోండి.

ఒక్కటి మాత్రం వద్దు. దీన్ని బడి గేటుకు తాళం చేయొద్దు. విద్యా హక్కు చట్టం వయసు రుజువు లేదని చేర్చుకోకపోవడం కుదరదంటుంది, టీసీ రావడం ఆలస్యమైందని ఆపొద్దంటుంది. టీకాల సర్టిఫికెట్ లేదని ఆపమని ఎక్కడా లేదు. అయినా మొన్న టౌన్‌లో ఒక ప్రైవేటు బడిలో నర్సరీకి టీకాల కార్డు జిరాక్సు తేకపోతే తర్వాత రమ్మన్నారని మా ఊరి అమ్మాయి ఒకామె వచ్చి చెప్పింది. కార్డు లేనిది ఎవరి దగ్గర? ఇల్లు మారేవాళ్ళ దగ్గర, ఇటుక బట్టీల దగ్గర గుడిసెలు వేసుకున్న ఒడిశా వాళ్ళ దగ్గర, అమ్రాబాద్ వైపు చెంచు పెంటల్లో. బడి అవసరం అందరికంటే ఎక్కువ ఉన్నదీ వాళ్ళకే. ముందు లోపల కూర్చోబెట్టండి, సూది సంగతి బుధవారం చూద్దాం. ఆ రోజు రాకపోతే శనివారం ఉంది.

ఇంకో పని మీద పడుతుందని తోటి టీచర్లు నన్ను తిడతారని తెలుసు. మా గ్రూపులో ఈ మాట ఎత్తితే ఒక సార్, ఇప్పుడు సూదులు కూడా మనమే వేద్దామా మేడం అని మెసేజ్ పెట్టారు, దాని కింద పద్దెనిమిది చప్పట్ల బొమ్మలు. ఆయన బాధ నాకు అర్థమైంది. పేరులో ఒక్క అక్షరం తేడా ఉంటే ఆధార్ సెంటర్ చుట్టూ తల్లిదండ్రులను మూడుసార్లు తిప్పిన పాపం మేమందరం మోస్తున్నాం. కానీ ఆ బుధవారం నేను ఫోన్లో గడిపిన నాలుగు గంటలు కూడా పనే కదా సార్, అది ఎవరి లెక్కలోనూ లేదు, అంతే తేడా.

ఆ బుధవారం సూది పడ్డ పిల్లగాడి సంగతి. మర్నాడు బడికి రాలేదు, జ్వరం. అవ్వ వచ్చి గేటు దగ్గర నిలబడి, నువ్వు ఏపిచ్చినవ్, నువ్వే సూడు అన్నట్టు చూసింది. సిస్టర్ ఇచ్చిపోయిన పారాసిటమాల్ ఎట్లా వేయాలో మళ్ళీ చెప్పి పంపాను. మూడో రోజు వచ్చాడు, ఎడమ చెయ్యి వాచిన చోటు అందరికీ చూపించి, ముట్టుకుంటే రూపాయి అని పెట్టాడు. ఇద్దరు ఇచ్చారట కూడా.

నేను చేసిందల్లా అడ్మిషన్ రిజిస్టర్‌లో చివరి గడి పక్కన పెన్సిల్‌తో ఇంకో రెండు గడులు గీశాను. ఒకటి తల్లి ఆర్‌సీహెచ్ నంబరు, ఇంకొకటి తల్లిగారి ఊరు. బడిబాటకు ఇల్లిల్లూ తిరిగేటప్పుడు ఆధార్‌తో పాటు ఇవి కూడా అడుగుతున్నాను. తల్లిగారి ఊరు ఎందుకు మేడం, ఏమన్న పెండ్లి సంబంధమా అని నవ్వుతున్నారు. పద్నాలుగు మందిలో పదకొండు మందివి నిండాయి. మిగిలిన మూడింటిలో ఒక కార్డు భివండిలో ఉందట, ఆదివారం పని లేనప్పుడు ఫోటో తీసి పంపుతామన్నారు.